టైల్స్ పనిలో నాణ్యత - ఇంటికి భద్రత

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరువలోని గోల్నాక, తార్నాక ప్రాంతాల పాత ఇళ్లలో షాబాదు, తాండూరు బండల స్థానంలో విట్రిఫైడ్ టైల్స్ విరివిగా పరుస్తున్నారు. అయితే బండలకు అలవాటైన పనితీరునే టైల్స్‌కూ అనుసరించడం నష్టాలకు దారితీస్తున్నది.

విట్రిఫైడ్ టైల్ పీల్చుకునే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించదు. అందువల్ల వట్టి సిమెంటు పాలు దానిని గట్టిగా పట్టి ఉంచలేవు. మూలల్లో మాత్రమే సిమెంటు ముద్దలు పెట్టి అతికించినచో అడుగున డొల్ల ఏర్పడి, బరువు పడినపుడు టైల్ పగులుతుంది. టైల్స్ నడుమ సందు విడువనిచో వేసవి వేడికి వ్యాకోచించి పైకి లేస్తాయి. స్నానాల గదిలో సందుల గుండా దిగిన నీరు స్లాబులోని ఇనుప చువ్వలను తుప్పు పట్టించగా, కింది అంతస్తు వారి పైకప్పు పెచ్చులూడుతుంది.

ఈ దృష్ట్యా ఐ.ఎస్. 15477 ప్రమాణం గల జిగురును పళ్ల తాపీతో టైల్ అడుగంతటా పరచాలి. స్నానాల గదిలో టైల్స్ వేయుటకు ముందే నీటి నిరోధక పూత పూసి, 24 గంటలు నీరు నిలిపి పరీక్షించాలి. నేల వాలు నీరు పోయే తూము వైపే ఉండాలి. పని పూర్తయిన పిదప ప్రతి టైల్‌ను కర్రతో తట్టి, డొల్ల శబ్దం వచ్చినవాటిని మార్పించిన తరువాతనే మేస్త్రీకి తుది చెల్లింపు జరపాలి. లోపం టైల్ కింద దాగి ఉంటుంది కనుక, యజమాని ముందుచూపే ఇంటికి రక్ష.