'దబ్' అంటే ఉడుమేనా?

చిట్యాల ప్రాంతంలో రాళ్ల గుట్టల్లో, చెలకల గట్ల మీద తిరిగే ఉడుమును ఎరుగనివారు అరుదు. అందుచేత హదీసు అనువాదంలో 'ఉడుము' అనే మాట ఎదురైతే పాఠకుడి కళ్లముందు మెదిలేది ఈ జంతువే. చిక్కంతా అక్కడే ఉంది.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో దైవప్రవక్త (స) ముందు కాల్చిన 'దబ్' మాంసం ఉంచారు. అదేమిటో తెలియగానే ఆయన చేయి వెనక్కు తీసుకున్నారు. ఇది హరామా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదనీ, తమ వారి నేలలో అది లేనందున తమకు సహించటం లేదనీ ఆయన తెలిపారు. ఖాలిద్ (రజి) దాన్ని తనవైపు లాక్కుని తిన్నారు.

ఉర్దూలో ఈ దబ్‌ను సాధారణంగా 'గోహ్' అంటారు. గోహ్ అంటే ఉడుము. అక్కడి నుంచి తెలుగులోకి ఉడుమే దిగుతుంది. అరబ్బులకు మాత్రం ఇవి రెండు వేర్వేరు జంతువులు. ఉడుమును వారు 'వరల్' అంటారు. ఉడుములకు శాస్త్రజ్ఞులు పెట్టిన 'వరానస్' అనే పేరు పుట్టింది కూడా ఆ అరబీ మాట నుంచే. 1405లో మరణించిన దమీరీ తన 'హయాతుల్ హయవాన్'లో రెంటినీ విడివిడిగానే వర్ణించాడు.

పోల్చుకోవటానికి తోక ఒక్కటి చాలు. దబ్ తోక పొట్టిగా, లావుగా ఉండి, చుట్టూ వరుసలు వరుసలుగా ముళ్లతో నిండి ఉంటుంది. ఉడుము తోక ఒంటికన్నా పొడవు, పక్కలకు నొక్కినట్లుంటుంది, ముళ్లుండవు. ఉడుముకు మెడ పొడవు, మూతి కోసు, నాలుక పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది. దబ్ తల గుండ్రం, మూతి మొద్దు, నాలుక కండగలది. అది ముఖ్యంగా ఆకులూ గడ్డీ తిని బతుకుతుంది. ఉడుము పురుగులను, కప్పలను, ఎలుకలను, గుడ్లను తినే వేట జంతువు. నిజానికి దబ్ మన తొండ కుటుంబానికి చెందినది, ఉడుముకు దూరపు చుట్టం మాత్రమే.

దబ్‌కు దగ్గరి బంధువు మన దేశంలోనూ ఉంది. రాజస్థాన్, కచ్ ఎడారుల్లో ఉండే సాండా అది. తెలంగాణలో లేదు. చూపుకు రెండూ ఒకటే అనిపిస్తాయి. అయితే సాండా తోకమీద ముళ్ల వలయాల నడుమ చిన్న పొలుసుల వరుసలుంటాయి, అరబ్ దబ్‌కు ఉండవు. సాండా తొడ ముందుభాగాన నల్లని మచ్చ కూడా ఉంటుంది. ఒకే ప్రజాతిగా లెక్కిస్తూ వచ్చిన వీటిని 2009లో శాస్త్రజ్ఞులు వేరుచేశారు.

ఇదంతా జంతుశాస్త్రం గొడవ అనుకోరాదు. షాఫయీ, మాలికీ, హంబలీ మజ్‌హబుల్లో దబ్ తినటం ధర్మసమ్మతం. హనఫీ మజ్‌హబులో మక్రూహ్. పై హదీసును ఆధారం చేసుకుని ఒకరు ఉడుమును కోస్తే, హదీసు చెప్పని విషయాన్ని హదీసుకు అంటగట్టినట్లే. ఉడుముకు తీర్పు వేరే వెదకాలి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉడుము ఉంది. దాన్ని చంపటం నేరం.

అనువాదకుడు 'దబ్' అనే మాటను అలాగే ఉంచి, పక్కన 'ముళ్లతోక గల ఎడారి జంతువు' అని ఒక్క ముక్క చేర్చితే సరిపోతుంది. తెలుగు పేరే కావాలంటే 'ముళ్లతోక తొండ' అనవచ్చు. ఉడుము అనటంకన్నా అదే నిజానికి దగ్గర.