బ్రేకులో గాలి.. ప్రాణానికి ముప్పు

* డిస్కు బ్రేకు ఆయిలు మార్పుపై కొరవడిన శ్రద్ధ
* ఐదు వందల రూపాయల లోపు ఖర్చుతో ఇంటి వద్దే గాలి తీసుకునే వీలు
* ఏబీఎస్ వాహనాల విషయంలో జాగ్రత్త అవసరం

ఇంజిన్ ఆయిలు మార్చే తేదీని గుర్తు పెట్టుకునే ద్విచక్ర వాహనదారుల్లో చాలామంది బ్రేకు ఆయిలు సంగతి పట్టించుకోరు. హ్యాండిల్‌పై కుడిచేతి పక్కన ఉండే చిన్న డబ్బాలోని ఆ ద్రవాన్ని బండి కొన్ననాటి నుంచి మార్చని వారు ఎందరో. లీవరు నొక్కితే స్పాంజిలా మెత్తగా లోపలికి పోతున్నా, రెండు మూడుసార్లు నొక్కితే పట్టుకుంటుంది కదా అనే ధీమాతో బండి నడుపుతుంటారు. ఆ ధీమాయే ఒక్కోసారి ప్రాణాల మీదకు తెస్తుంది. శ్రీశైలం, తిరుమల, అరకు, మారేడుమిల్లి వంటి ఘాట్ రోడ్లలో వాలు దిగేటప్పుడు, మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు రెండోసారి నొక్కేందుకు వ్యవధి ఉండదు.

లీవరు మెత్తబడటం బ్రేకు ఇచ్చే ముందస్తు హెచ్చరిక. గొట్టంలో గాలి చేరిందని, లేదా ఆయిలు పాతబడిందని దాని అర్థం. గాలిని బయటకు పంపి కొత్త ఆయిలు నింపే పనిని మెకానిక్కులు ‘బ్లీడింగ్’ అంటారు. ఓపిక, శుభ్రత ఉంటే ఈ పనిని ఇంటి ముంగిట్లోనే చేసుకోవచ్చు. అయితే ఎక్కడ ఆగాలో కూడా తెలిసి ఉండాలి.

గాలి చేరితే ఏమవుతుంది?

డ్రమ్ము బ్రేకు తీగతోనో, కడ్డీతోనో పనిచేస్తుంది. డిస్కు బ్రేకులో ఆ పని ద్రవం చేస్తుంది. లీవరు నొక్కగానే హ్యాండిల్ వద్ద ఉన్న మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని తోస్తుంది. ఆ ఒత్తిడి గొట్టం ద్వారా చక్రం వద్దనున్న క్యాలిపర్‌కు చేరి, ప్యాడ్లను డిస్కుకు రెండు వైపులా అదుముతుంది. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని ఉన్నత పాఠశాలలో చదువుకున్న పాస్కల్ నియమమే దీనికి ఆధారం.

ఇందులో కిటుకంతా ద్రవం కుదించుకుపోకపోవడంలోనే ఉంది. సూది లేని సిరంజిలో నీరు నింపి, మూతిని వేలితో మూసి నొక్కితే పిడి కదలదు. అదే సిరంజిలో గాలి నింపి నొక్కితే సులువుగా లోపలికి దిగుతుంది. బ్రేకు గొట్టంలో గాలి బుడగ ఉన్నప్పుడు జరిగేదీ ఇదే. చేతి బలం బుడగను నలపడానికే ఖర్చవుతుంది. ప్యాడ్ల వరకు చేరేది కొంతే.

కొన్ని ఖరీదైన పెద్ద మోటారు సైకిళ్లలో క్లచ్ సైతం తీగతో కాకుండా ఇదే విధంగా ద్రవంతో పనిచేస్తుంది. అక్కడ గాలి చేరితే క్లచ్ పూర్తిగా విడవదు. గేరు పడటం కష్టమవుతుంది, న్యూట్రల్ దొరకదు. గాలి తీసే పద్ధతి రెండింటికీ దాదాపు ఒకటే. కొన్ని క్లచ్‌లకు బ్రేకు ఆయిలు కాకుండా మినరల్ ఆయిలు వాడతారు. ఒకదానికి బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. అందుకే మూతపై ఏమి రాసి ఉందో చూడటం తప్పనిసరి.

కనిపించని శత్రువు తేమ

సాధారణంగా వాడే డాట్-3, డాట్-4 రకాల బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డబ్బా మూత బిగించి ఉన్నా రబ్బరు గొట్టం గుండా, సీళ్ల సందుల గుండా తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. గాలిలో తేమ అధికంగా ఉండే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల వారు ఈ విషయంలో మరింత శ్రద్ధ వహించాలి.

నీరు చేరిన ఆయిలు తక్కువ వేడికే మరుగుతుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్-3 ఆయిలు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్-4 విషయంలో ఈ అంకెలు 230, 155 డిగ్రీలు. ఘాట్ రోడ్డులో బ్రేకు వదలకుండా దిగితే డిస్కు, ప్యాడ్లు కాలిపోయేంత వేడెక్కుతాయి. ఆ వేడి క్యాలిపర్‌లోని ద్రవానికి చేరుతుంది. తేమ ఉన్న ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుట్టగానే లీవరు ఒక్కసారిగా హ్యాండిల్‌కు తగులుతుంది. బండి ఆగదు. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవంగా మారి బ్రేకు మామూలుగా పనిచేస్తుంది. దాంతో లోపం ఎక్కడుందో అంతుపట్టదు. అంతా బాగానే ఉందని వాహనదారుడు భ్రమపడతాడు.

బ్రేకు బాగున్నా, లేకున్నా వాలులో తక్కువ గేరులో దిగుతూ ఇంజిన్ పట్టును వాడుకోవడం, బ్రేకును విడతలుగా నొక్కి వదలడం శ్రేయస్కరం. ఆయిలును సాధారణంగా రెండేళ్లకు ఒకసారి మార్చాలి. వాహనంతో ఇచ్చిన పుస్తకంలో గడువు వేరుగా ఉంటే దాన్నే పాటించాలి.

ముందు ఇవి చూడాలి

లీవరు మెత్తబడగానే ఆయిలు తెచ్చి పోయడం సరికాదు. డబ్బాకు ఉండే చిన్న గాజు కన్ను ద్వారా మట్టం, రంగు పరిశీలించాలి. కొత్త ఆయిలు నీళ్లలాగానో, లేత పసుపుగానో ఉంటుంది. టీ డికాక్షన్ రంగుకు మారితే మార్చే సమయం దాటినట్లే.

మట్టం తగ్గడానికి ప్రధానంగా రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, ప్యాడ్లు అరగడం. అరిగిన మేరకు పిస్టన్ ముందుకు జరిగి, ఆ ఖాళీలోకి ఆయిలు దిగుతుంది. అటువంటప్పుడు ప్యాడ్లు మార్చాలి. పాత ప్యాడ్లు ఉండగా డబ్బా నిండా పోస్తే, కొత్తవి బిగించేటప్పుడు అది పొంగి పొర్లుతుంది. రెండోది, లీకు. లీవరు కింద, గొట్టం అతుకుల వద్ద, క్యాలిపర్ చుట్టూ తడి కనిపిస్తే బ్లీడింగ్‌తో ప్రయోజనం లేదు. బండిని మెకానిక్కుకు చూపించాల్సిందే.

కావలసిన సామగ్రి

మూతపై రాసి ఉన్న రకం ఆయిలు, సీలు తీయనిది, చిన్న సీసా ఒకటి కొనాలి. ముందు బ్రేకు ఒక్కదానికి 100 మిల్లీలీటర్లు దాదాపు సరిపోతుంది. కొంత వృథా అవుతుంది కాబట్టి 250 మిల్లీలీటర్ల సీసా తీసుకుంటే ఇబ్బంది ఉండదు. ఏడాది క్రితం విప్పి అటకపై పెట్టిన సీసా పనికిరాదు. అప్పటికే అది తేమ పీల్చి ఉంటుంది.

క్యాలిపర్‌పై ఉండే నిపుల్‌కు సరిపోయే రింగు పానా కావాలి. ఎక్కువ బండ్లకు 8 మిల్లీమీటర్లది సరిపోతుంది. నిపుల్‌కు బిగుతుగా పట్టే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం ఒక మూర ఉండాలి. చేపల తొట్టెకు వాడే గాలి గొట్టం ఇందుకు చక్కగా పనికొస్తుంది. మందుల దుకాణంలో దొరికే సిరంజి, ఖాళీ నీళ్ల సీసా, నక్షత్ర స్క్రూడ్రైవరు, పాత గుడ్డలు, బకెట్టు నీళ్లు సిద్ధం చేసుకోవాలి. పానా, స్క్రూడ్రైవరు ఇంట్లో ఉంటే మొత్తం ఖర్చు ఐదు వందల రూపాయలు దాటదు.

గాలి తీసే విధానం

1. బండిని సెంటర్ స్టాండుపై నిలపాలి. డబ్బా సమతలంగా ఉండేలా హ్యాండిల్ తిప్పాలి. ట్యాంకు, ముందు మడ్‌గార్డుపై గుడ్డలు కప్పాలి. బ్రేకు ఆయిలు రంగును తినేస్తుంది. చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

2. డబ్బా చుట్టూ దుమ్ము తుడిచి, మూత స్క్రూలు విప్పాలి. స్క్రూ తల అరిగిపోకుండా సరైన కొలత స్క్రూడ్రైవరును గట్టిగా అదిమి తిప్పాలి. మూత కింద ఉండే రబ్బరు పొరను తీసి శుభ్రమైన గుడ్డతో తుడవాలి.

3. సిరంజితో పాత ఆయిలు లాగేయాలి. అడుగున ఉండే రంధ్రాలు పూర్తిగా బయటపడేంత వరకు లాగకూడదు. గాలి చొరబడుతుంది. కొత్త ఆయిలు పై గీత వరకు పోసి, మూతను బిగించకుండా పైన ఉంచాలి. లేకుంటే లీవరు నొక్కినప్పుడు ద్రవం పైకి చిమ్ముతుంది.

4. నిపుల్‌పై రబ్బరు టోపీ తీసి, ముందుగా పానా, ఆ తర్వాత గొట్టం తొడగాలి. గొట్టం రెండో చివరను, కొంచెం కొత్త ఆయిలు పోసిన సీసాలో ముంచి ఉంచాలి.

5. లీవరును నాలుగైదుసార్లు నెమ్మదిగా నొక్కి వదిలి, చివరిసారి నొక్కి పట్టుకోవాలి. పట్టు వదలకుండా నిపుల్‌ను పావు చుట్టు విప్పాలి. పాత ఆయిలు, బుడగలు గొట్టంలోకి వస్తాయి, లీవరు హ్యాండిల్ వైపు దిగుతుంది. వెంటనే నిపుల్ బిగించి, ఆ తర్వాతే లీవరు వదలాలి.

6. డబ్బాలో మట్టం కింది గీతకు చేరకముందే కొత్త ఆయిలు పోస్తూ, గొట్టంలో బుడగలు ఆగి, శుభ్రమైన ద్రవం వచ్చే వరకు ఇలాగే చేయాలి.

మొదటిసారి చేసేవారు పొరపడేది ఐదో అంచెలోనే. నిపుల్ తెరిచి ఉండగా లీవరు వదిలితే అది బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. అప్పటివరకు పడ్డ శ్రమ వృథా అవుతుంది. ‘నొక్కు, విప్పు, బిగించు, వదులు’ అనే వరుస తప్పకూడదు. ఒకరు లీవరు వద్ద, మరొకరు పానా వద్ద ఉండి పైకి చెప్పుకుంటూ చేస్తే తేలిక.

ఎంత తీసినా లీవరు కొంత మెత్తగానే ఉంటే గొట్టాన్ని, క్యాలిపర్‌ను స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టాలి. అతుక్కున్న చిన్న బుడగలు కదులుతాయి. నిపుల్, మూత బిగించాక లీవరును హ్యాండిల్‌కు రబ్బరు పట్టీతో కట్టి రాత్రంతా ఉంచడం మెకానిక్కులు పాటించే మరో చిట్కా. ఉదయం పట్టీ తీసి లీవరును నిదానంగా ఆడిస్తే పైకి చేరిన బుడగలు డబ్బాలోకి వచ్చేస్తాయి.

ముగించే ముందు

నిపుల్‌ను అతిగా బిగించరాదు. అది సన్నని, లోపల బోలుగా ఉండే మర. విరిగితే క్యాలిపర్‌కే ఎసరు వస్తుంది. రబ్బరు పొరను మడతలు సరిచేసి అమర్చి, మూత బిగించాలి. లీవరును గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. అది నెమ్మదిగా లోపలికి దిగితే ఎక్కడో లీకు ఉన్నట్లు, లేదా మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు అరిగినట్లు. అటువంటి బండిని రోడ్డెక్కించకూడదు. లీవరు గట్టిగా నిలిస్తే ఖాళీ స్థలంలో నడక వేగంతో పలుమార్లు బ్రేకు వేసి చూశాకే బయలుదేరాలి.

ప్యాడ్లపై ఆయిలు పడితే తుడిచి వాడటం ప్రమాదకరం. వాటిని మార్చడమే మేలు. డిస్కును బ్రేకు క్లీనరుతో శుభ్రం చేయాలి. కిరోసిన్, పెట్రోలు, ఇంజిన్ ఆయిలు బ్రేకు లోపలి భాగాలకు తగలనివ్వకూడదు. అవి రబ్బరు సీళ్లను పాడు చేస్తాయి. బ్రేకు ఆయిలు విషపూరితం. పిల్లలకు అందనివ్వకూడదు. కంట్లో పడితే ధారాళంగా నీళ్లతో కడిగి వైద్యుని సంప్రదించాలి. తీసిన ఆయిలున్న నీళ్ల సీసాను తాగునీటి సీసాగా ఎవరూ పొరపడకుండా వెంటనే గుర్తు పెట్టాలి. కాలువలో పారబోయకుండా, వాడిన ఆయిలు సేకరించే మెకానిక్ షెడ్డులో అప్పగించాలి.

ఏబీఎస్ ఉంటే..

మనదేశంలో 125 సీసీకి మించిన కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఇటువంటి వాహనాల్లో ద్రవం మధ్యలో ఒక నియంత్రణ యూనిట్ గుండా వెళుతుంది. డబ్బా ఖాళీ కానివ్వకుండా ఆయిలు మార్చుకోవడానికి పైన చెప్పిన పద్ధతి సాధారణంగా సరిపోతుంది. గాలి ఆ యూనిట్‌లోకి చేరితే మాత్రం ఇంటి వద్ద తీయడం కష్టం. దాన్ని కంప్యూటర్ పరికరంతో నడిపించి గాలి తీయాల్సి రావచ్చు. అది సర్వీసు కేంద్రంలోనే సాధ్యం. ముందు, వెనుక బ్రేకులు కలిసి పనిచేసే సీబీఎస్ వాహనాల్లోనూ ద్రవంతో నడిచే అమరిక ఉంటే, తయారీదారు సూచించిన వరుసనే పాటించాలి.

రెండుసార్లు ప్రయత్నించినా లీవరు గట్టిపడకపోతే లోపం గాలిది కాదని గ్రహించాలి. గొట్టం ఉబ్బి ఉండవచ్చు, మాస్టర్ సిలిండర్ అరిగి ఉండవచ్చు. అప్పుడు బండిని నడుపుకొంటూ కాకుండా ఆటో ట్రాలీలో వేసుకుని మెకానిక్కు వద్దకు చేర్చాలి. ట్రాలీ కిరాయికి వెనుకాడి బ్రేకు లేని బండిని రోడ్డుపైకి తెస్తే, మూల్యం చెల్లించాల్సింది నడిపేవారు ఒక్కరే కాదు.