మీకు తెలుసా? రెండ్రోజుల సెలవు, నాగాయలంక చుట్టూ బోలెడు వింతలు!

బీచ్ అనగానే గోవా టికెట్లు వెతుకుతున్నారా? కాస్త ఆగండి! విజయవాడలో కారెక్కితే 3 గంటల్లోపే నాగాయలంకలో దిగొచ్చు! ముందు కృష్ణమ్మ, ఆ వెనక మడ అడవి, అదీ దాటితే సముద్రం! శని, ఆదివారాలు చాలు!

పామర్రు మీదుగా వస్తున్నారా? కూచిపూడి దగ్గర బండి కాస్త నెమ్మదించండి. ఆ పక్కనే భట్లపెనుమర్రు! మన జెండా రూపకర్త పింగళి వెంకయ్య పుట్టిన ఊరు! జాతీయ జెండా ఎలా ఉండాలో చూపిస్తూ ఆయన ఒకటీ రెండూ కాదు, ఏకంగా 30 నమూనాలతో పుస్తకమే వేశారు!

పడవ ఎక్కుతారా? అయితే ముందు రేవులో పోటు ఎప్పుడో అడగండి! సముద్రం ఊపిరి ఇక్కడి నదిలోనూ తెలుస్తుంది. ఇవాళ పోటు వచ్చిన వేళకే రేపూ వస్తుందనుకుంటే పప్పులో కాలేసినట్టే! రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది! చంద్రుడు పెట్టిన టైంటేబుల్ మరి!

మడ చెట్ల కింద బురదలో మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి చూశారా? అవి వేర్లే! నేలలోకి కాదు, ఆకాశంలోకి పెరుగుతాయి! బురదలో గాలి ఆడదు కదా, వీటితోనే చెట్టు ఊపిరి పీలుస్తుంది. మనిషికంటే కొంచెం ఎత్తున్న ఒక్క మడ చెట్టుకే ఇలాంటివి 10,000 దాకా ఉంటాయి! అడుగు చూసి వెయ్యండి!

పిల్లికి నీళ్లంటే భయం అంటారా? ఆ మాట ఈ అడవిలో అనకండి! ఇక్కడ బావురుపిల్లి ఉంది. నీళ్లలోకి దూకి మరీ చేపను పట్టేస్తుంది! మగది 16 కిలోల దాకా తూగుతుంది! మన ఇంటి పిల్లి దీని ముందు పిల్లకూనే! రాత్రిళ్లు తిరిగే రకం. కంటపడితే మీ అదృష్టం!

జనవరి, మార్చి మధ్యలో వస్తే ఇంకో రహస్యం! ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ తీరానికొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. లోపల పిల్ల ఆడదా, మగదా? తేల్చేది ఇసుక వేడి! 31 డిగ్రీలు దాటితే దాదాపు అన్నీ ఆడపిల్లలే! టార్చి మాత్రం వెయ్యకండి. తల్లి బెదిరిపోతుంది!

ఇదే మండలంలో గుల్లలమోద అనే పల్లె ఉంది. నిన్నమొన్నటిదాకా వలలు, పడవలే లోకం. ఇప్పుడు అక్కడికి ఏం రాబోతోందో తెలుసా? క్షిపణి పరీక్షా కేంద్రం! 2025 మే 2న ప్రధాని దానికి శంకుస్థాపన చేశారు. తాబేళ్ల తీరం నుంచి క్షిపణులు!

ఆదివారం పొద్దున్నే కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లండి. మహాబలేశ్వరంలో సన్నని ధారగా పుట్టిన కృష్ణ సముద్రంలో కలిసేది ఇక్కడే! అప్పటికి ఆ నీళ్లు నడిచిన దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు! మీరొచ్చిన దారి ఓ దారేనా! మాఘ పౌర్ణమికి మాత్రం జనసంద్రమే. గది ముందే చూసుకోండి!

తిరుగు ప్రయాణం బందరు మీదుగా పెట్టుకోండి. మంగినపూడి బీచ్‌లో కాళ్లు తడుపుకుంటూ ఈ ముక్క పిల్లల చెవిన వెయ్యండి. ఇంగ్లీషువాళ్లు బందరులో వర్తక స్థావరం తెరిచింది 1611లో! మద్రాసు కోటకు అప్పటికి పునాదిరాయి కూడా పడలేదు!

ఇక చివరిది, తియ్యనిది! బందరు లడ్డు! శనగపిండి పూసను వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, మళ్లీ రోకలితో తొక్కుతారు. అందుకే తొక్కుడు లడ్డు! దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది! ఇంటికని ఓ డబ్బా కట్టించండి. దారికని ఇంకోటి! లేకపోతే విజయవాడ చేరేలోగా మొదటి డబ్బా ఖాళీ!