ఎముకలు గుల్లబారుట

పాడేరు కొండదారిలో కాలుజారి పడిన వృద్ధురాలికి తుంటి విరిగినచో, తప్పు దారిది మాత్రమే కాకపోవచ్చును. ఆమె ఎముక లోలోపల ఎన్నడో గుల్లబారి యుండును. దీనినే బోలు ఎముకల వ్యాధి, అనగా ఆస్టియోపొరోసిస్, అందురు. ఎముక విరుగువరకు సాధారణముగ నొప్పియైన తెలియదు.

ఎముక సజీవ ధాతువు. కొన్ని కణములు పాత ఎముకను కరగించుచుండ, మరికొన్ని కొత్తది కట్టుచుండును. యౌవనమున కట్టుబడి హెచ్చు. వయస్సు మీరినకొలది కరుగుదల హెచ్చు. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ తగ్గుటచే తరుగు త్వరపడును. బక్కతనము, పొగాకు, మద్యము, దీర్ఘకాలము స్టీరాయిడ్ మందుల వాడకము, తల్లిదండ్రులలో ఒకరికి తుంటి విరిగి యుండుట ముప్పును పెంచును.

మన్యపు పంటయైన చోళ్ళు ఎముకకు మేలైన ఆహారము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారము, 100 గ్రాముల చోళ్ళలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మరపట్టిన బియ్యములో 8 అయినను లేదు. పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెను. అది ఒంటబట్టుటకు ఎండ తగిలి చర్మమున పుట్టు విటమిన్ డి అవసరము.

అయితే ముదిరిన వ్యాధికి అంబలి చాలదు. డెక్సా పరీక్షలో టి-స్కోరు −2.5 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో వ్యాధి యున్నట్లే. అలెండ్రొనేట్ వంటి మందులు కరుగుదలను అణచును. వైద్యుడు వ్రాసిన ఆ మాత్రను పరగడుపున గ్లాసెడు నీటితో మింగి, అరగంట పడుకొనక నిటారుగ నుండవలెను. లేనిచో అన్నవాహిక ఒరసికొనును. జొలెడ్రొనిక్ ఆమ్లమును ఏటికొకసారి సూదిమందుగ ఇత్తురు.

విద్యార్థులారా! ముదిమిలో ఖర్చగు ఎముకను కూడబెట్టు వయస్సు మీదే.