రాత్రిబడి ఊరిని కలుపును

ఒక గ్రామమునందు వేయిమంది నివసించుచున్నంత మాత్రమున వారొక సంఘముగా రూపొందిరని చెప్పజాలము. ఒకే చెరువు నీటితో పైరు పండించుకొనుచు, ఒకే తిరునాళ్లకు పోవుచు, ఒకరి కష్టసుఖము లొకరెరుగని కుటుంబములు ప్రతి ఊరనుగలవు. పండుగలు జనులను కలుపునుగాని, అవి ఏడాదికొకసారి వచ్చిపోవును. ప్రతిదినమును పదిమందిని ఒకచోట కూర్చుండబెట్టగలది చదువు. ఆ చదువును ఊరివారే ప్రతిఫలమాశింపక ఒకరికొకరు చెప్పుకొనినచో దాని బలము మరింత హెచ్చును. ఇందుకు మన చరిత్రయే సాక్ష్యము.

హైదరాబాదునందు 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. విజయవాడయందు 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడగా, అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగు పెద్దలు దాని ఆశయములను ఊరూర చాటిరి. ప్రభుత్వము వచ్చి కట్టడములు కట్టించువరకు ఆ తరమువారు వేచియుండలేదు. పుస్తకములున్నవారు పుస్తకములను, తీరిక యున్నవారు తమ కాలమును ఇచ్చిరి.

ఆ ఉద్యమమునుండియే పడవ గ్రంథాలయము పుట్టినది. పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై తిరుగు పడవలో గ్రంథాలయమును నడిపించిరి. పడవ ప్రయాణము నెమ్మదిగా సాగునది. ప్రయాణికునకు తీరిక మెండు. ఆ తీరిక సమయమున చేతికి పుస్తకమందినచో చదువనివాడెవడు? జనులు గ్రంథాలయమునకు రావలెనని ఎదురుచూడక, జనులున్న చోటికే గ్రంథాలయమును చేర్చుట ఇందలి కిటుకు.

ఇక మన కాలమునకు దగ్గరగా నున్న మరియొక ఉదాహరణమును చూతము. 1990వ దశకారంభమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినది. సాయంత్రము పొలము పనులు ముగించుకొని వచ్చిన స్త్రీలు రాత్రిబడులలో చేరిరి. చదువు చెప్పినవారు జీతము పుచ్చుకొనని స్వచ్ఛంద సేవకులు. వారి వాచకములో సీతమ్మ కథ యను పాఠమొకటి కలదు. సారాయి వలన ఇల్లు గుల్లయగుటను గూర్చి ఆ పాఠముపై చర్చ జరిగినది. ఎవరి ఇంటిలో వారు ఒంటరిగా అనుభవించుచున్న బాధ ప్రతి ఇంటిలోను ఉన్నదని ఆ స్త్రీలు అక్కడ తెలిసికొనిరి.

ఫలితముగా దూబగుంట గ్రామ స్త్రీలు ఏకమై తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ ఊరి గాథయే తరువాతి వాచకములో పాఠముగా చేరినది. దానిని చదివిన ఇతర గ్రామముల స్త్రీలును కదలిరి. 1992లో ఉద్యమము జిల్లాను దాటి వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. 1995 జనవరిలో విధింపబడిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడిన మాట నిజమే. అయినను ఆ స్త్రీలకు కలిగిన ధైర్యము, వారి నడుమ ఏర్పడిన ఐకమత్యము ఏ ఉత్తరువు వలనను రద్దుగానట్టివి.

అక్షరములు దిద్దుటకై చేరినవారు ఇంతటి పని ఎట్లు చేయగలిగిరి? ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట కలిసికొనుటయే ఇందుకు మొదటి కారణము. చదువు చెప్పువారు పరాయివారు గాక తమవారే యగుటచే బిడియము తీరినది. పాఠము తమ బ్రతుకును గూర్చినదే యగుటచే నోట మాట వచ్చినది. ఈ మూడును కుదిరిన చోట రాత్రిబడి క్రమముగా ఊరి సభయగును.

ఈ పని నేటికిని ముగియలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఏడేండ్లు పైబడినవారిలో నూటికి 67 మందియే అక్షరాస్యులు. స్త్రీలలో 59 మంది మాత్రమే. పదునైదేండ్లు పైబడిన నిరక్షరాస్యులకై 2022 నుండి 2027 వరకు నిర్దేశింపబడిన కేంద్ర అక్షరాస్యతా కార్యక్రమమును స్వచ్ఛంద సేవకులనే నమ్ముకొనియున్నది.

మన ఊర దీనిని ఆరంభించుటకు పెద్ద ధనము అక్కరలేదు. పాఠశాల వసారాయో, రామాలయపు అరుగో, ఎవరును వచ్చుటకు జంకని చోటును ఎన్నుకొందము. వేళను మగవారు గాక, వంట ముగించుకొని రావలసిన స్త్రీలు నిర్ణయింపవలెను. కళాశాలలో చదువు పిల్లలు వారమునకు రెండు సాయంత్రములు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మరి రెండు సాయంత్రములు ఇచ్చినచో భారము ఒక్కరిపై పడదు. మొదటి పాఠములుగా తమ పేరు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, మందుసీసాపై చీటీ చదువుట నేర్పుదము. చదువుకొనవచ్చినవారును వట్టి చేతులతో రారు. విత్తనము నిలువచేయు పద్ధతి, పశువుల జబ్బుల గుర్తులు, పాతకాలపు పాటలు వారియొద్దనున్నవి. వారానికొకనాడు వారే గురువులై, చదువు చెప్పువారు శిష్యులు కావలెను. ఇచ్చిపుచ్చుకొనుట లేని సేవ దానమగునే గాని స్నేహము కాజాలదు.

ఇట్టి బడులు ఆరంభమున ఉత్సాహముతో నిండి, కొన్ని నెలలకే దీపమారుట మనమెరిగినదే. బడికి రానివారి ఇంటికి మరునాడే ఒకరు వెళ్లి పలుకరించుట దీనికి తగిన మందు. “నిన్న రాలేదేమమ్మా, ఒంట్లో బాగులేదా?” యను ఆ ఒక్క మాటతో బడియు నిలుచును, ఊరును నిలుచును.