డిశ్చార్జ్ బృందం స్వరమార్పు: ‘గ్రేవ్ న్యూ వరల్డ్’ తిరస్కరణకు కారణాలు

ఇంగ్లండులో పింగాణీ పరిశ్రమకు పేరొందిన స్టోక్-ఆన్-ట్రెంట్‌లో 1977లో డిశ్చార్జ్ సంగీత బృందం ఏర్పడింది. హార్డ్‌కోర్ పంక్‌కూ, తరువాతి మెటల్ సంగీతానికీ అది ఒక కొత్త బాణీని అందించింది. అదే బృందం 1986లో వెలువరించిన ‘గ్రేవ్ న్యూ వరల్డ్’ ఆల్బమ్ అభిమానులను తీవ్రంగా నిరాశపరచింది. కళాకారులు బాణీ మార్చుకోవడం కొత్త కాదు. ఈ మార్పు మాత్రం ఇంతటి తిరస్కరణకు ఎందుకు గురైందన్నది పరిశీలించదగిన అంశం.

ఇందుకు ముందుగా 1982 నాటి ‘హియర్ నథింగ్ సీ నథింగ్ సే నథింగ్’ ఆల్బమ్ నిర్మాణాన్ని గమనించాలి. అందులోని పాటలు చాలావరకు రెండు నిమిషాలకు అటూ ఇటూ ముగుస్తాయి. సాహిత్యం కొద్దిపాటి పంక్తులే. అవే మళ్ళీమళ్ళీ వినిపిస్తాయి. ఆగకుండా ముందుకు తోసే డ్రమ్స్ వరుసకు ఈ బృందం పేరులోని తొలి అక్షరం మీదుగా ‘డి-బీట్’ అన్న పేరు స్థిరపడింది. ప్రధాన వస్తువు అణుయుద్ధ భయం. అణుదాడి జరిగితే పౌరులు ఇళ్ళలో ఎలా తలదాచుకోవాలో చెబుతూ బ్రిటిష్ ప్రభుత్వం ‘ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్’ అనే ప్రచురణ తెచ్చింది. దానికి జవాబుగా చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1980లో ‘ప్రొటెస్ట్ అండ్ సర్వైవ్’ అన్న కరపత్రం రాశాడు. ఆ శీర్షికే ఈ ఆల్బమ్‌లో ఒక పాటకు పేరయింది. గాయకుడు కాల్ ఇక్కడ రాగం తీయడు, అరుస్తాడు. వినేవారి దృష్టి గాయకుని ప్రతిభ మీదికి పోదు. ప్రమాద హెచ్చరిక వింటున్నట్లే ఉంటుంది. వస్తువును రూపం నుంచి విడదీయడం ఇక్కడ సాధ్యం కాదు.

మార్పు ఒక్కరోజులో రాలేదు. గిటారిస్టు బోన్స్ 1982లోనే బృందాన్ని వీడి ‘బ్రోకెన్ బోన్స్’ను స్థాపించాడు. 1984 నాటి ‘ద మోర్ ఐ సీ’ పాటలో వేగం తగ్గి, గిటారు నాదం మెటల్ వైపు మొగ్గింది. పంక్ బృందం మెటల్‌కు మళ్ళడమే నేరమన్న వాదన ఇక్కడే వీగిపోతుంది. మెటాలికా 1998లో ‘గరాజ్ ఇంక్.’ కోసం ఎంచుకున్న రెండు డిశ్చార్జ్ పాటల్లో ఒకటి 1982 ఆల్బమ్‌లోనిది, రెండవది సరిగ్గా ఈ సంధికాలపు పాటే. డి.ఆర్.ఐ. అనే అమెరికన్ హార్డ్‌కోర్ బృందమైతే 1987లో తన ఆల్బమ్‌కు ‘క్రాసోవర్’ అనే పేరు పెట్టి మరీ మెటల్‌తో చేయి కలిపింది.

కాబట్టి చిక్కు మెటల్‌తో కాదు, ఏ మెటల్ అన్నదానితో. ‘గ్రేవ్ న్యూ వరల్డ్’లో పాటలు సాగాయి, గిటారు మెరుగులు దిద్దుకుంది. అన్నిటినీ మించి, కాల్ అరుపును విడిచి కీచుగా పలికే పైస్థాయి కృతక స్వరాన్ని ఎత్తుకున్నాడు. ఆనాటి శ్రోతకు అది వెంటనే గ్లామ్ మెటల్‌ను స్ఫురింపజేసింది. అది వేషభూషల, విలాసాల సంగీతం. హక్స్‌లీ నవల పేరును చమత్కారంగా తిప్పిన శీర్షికలో మాత్రం పాత చేదు మిగిలింది. స్వరంలో అది లేదు. ఆ ఏడాది అమెరికా పర్యటనలో ప్రేక్షకులు వేదిక మీదికి వస్తువులు విసిరారు. కొద్దికాలానికే బృందం విచ్ఛిన్నమైంది.

డబ్బు కోసమే మారారన్న ఆరోపణ సులువైనదే గాని, అంతగా నిలవదు. అప్పటికే ఉన్న శ్రోతలను పోగొట్టుకునే మార్గం వ్యాపార దృష్టికి కూడా లాభసాటి కాదు. కాల్ సాహసాన్ని కాదనలేం. అయితే పైస్థాయి స్వరం శ్రోత దృష్టిని గాయకుని నైపుణ్యం వైపు తిప్పుతుంది. ఆ నైపుణ్యం చాలనప్పుడు శ్రోతకు మిగిలేది ఆ కొరత ఒక్కటే. పాత అరుపుకు అటువంటి పరీక్ష ఉండేది కాదు.

స్విట్జర్లాండుకు చెందిన సెల్టిక్ ఫ్రాస్ట్ 1988లో ‘కోల్డ్ లేక్’తో దాదాపు ఇదే దారి తొక్కింది, దాని నాయకుడు టామ్ వారియర్ తరువాత ఆ ఆల్బమ్‌ను బహిరంగంగానే తోసిపుచ్చాడు. డిశ్చార్జ్ 1990ల ఆరంభంలో తిరిగి ఏర్పడి మెటల్ ఛాయలోనే మరి రెండు ఆల్బమ్‌లు చేసింది. పాత సభ్యులు కాల్, బోన్స్, రైనీ, టెజ్ మళ్ళీ కలిసి 2002లో పాత బాణీలో చేసిన ఆల్బమ్‌కు పెట్టిన పేరు ‘డిశ్చార్జ్’.