తూనీగ రెక్కను ఆపిన మెరుపు

1851లో ఫొటోగ్రఫీకి బాట వేసినవారిలో ఒకరైన ఫాక్స్ టాల్బట్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ‘టైమ్స్’ పత్రిక కాగితాన్ని ఒక చక్రానికి అంటించి గిరగిరా తిప్పించారు. లేడెన్ జాడీల్లో నింపిన విద్యుత్తును చీకట్లో ఒక్క రవ్వగా వదిలారు. ఫొటోలో అక్షరాలు చదవడానికి వీలుగా వచ్చాయి. కదిలేదాన్ని ఆపే శక్తి వెలుగుకే ఉందని ఆ రవ్వ రుజువు చేసింది. ఈనాడు తూనీగను దగ్గరగా తీసేవారికీ అదే మూలసూత్రం.

తూనీగ సెకనుకు సుమారు 30 సార్లు రెక్కలాడిస్తుంది. రెక్క కొస సెకనుకు మూడు మీటర్లు కదులుతుందనుకుందాం. సెకనులో వెయ్యోవంతు తెరుచుకునే షట్టర్ ముందు కూడా అది మూడు మిల్లీమీటర్లు జరిగిపోతుంది. దూరం నుంచి తీస్తే పెద్ద నష్టం లేదు. అసలు సైజులో తీస్తే ఈనెలన్నీ అలుక్కుపోతాయి. పైగా ఆ సైజులో సెన్సర్‌కు చేరే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అపర్చర్‌ను ఎఫ్/16 దాకా తగ్గించినా స్పష్టంగా వచ్చే మందం దాదాపు రెండు మిల్లీమీటర్లే. కాబట్టి వెలుగు చాలా ఎక్కువ కావాలి, అదీ చాలా తక్కువసేపు ఉండాలి.

1887లో జర్మనీలో వచ్చిన మెగ్నీషియం పొడి వెలుగుతోపాటు పొగనూ చిమ్మేది. తర్వాత వచ్చిన ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోయేది. రెక్కను ఆపేంత పొట్టి మెరుపు రెండింటికీ లేదు. మలుపు 1930ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీలో వచ్చింది. విద్యుత్ మోటార్లపై పరిశోధిస్తున్న హెరాల్డ్ ఎడ్గర్టన్, మోటారు వేగానికి సరిపడా దీపాన్ని మెరిపిస్తే తిరిగే భాగం నిలబడినట్టు కనిపించడాన్ని ఫొటోగ్రఫీకి మళ్లించారు. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అలా రూపుదిద్దుకుంది.

దాని పనితీరు చూడండి. బ్యాటరీ ఇచ్చే కొద్ది వోల్టులను 300 దాకా పెంచి కెపాసిటర్‌లో నింపుతారు. గాజు గొట్టంలోని జినాన్ వాయువు మామూలుగా విద్యుత్తును పారనివ్వదు. బటన్ నొక్కగానే కొన్ని వేల వోల్టుల తాకిడికి దారి ఇస్తుంది. కెపాసిటర్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. తర్వాత వచ్చిన థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఆ మెరుపును మధ్యలోనే తెంచేయగలిగింది. అందుకే ఫ్లాష్ శక్తి తగ్గించే కొద్దీ మెరుపు ఇంకా పొట్టిదవుతుంది.

ఇంగ్లండ్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ స్టీఫెన్ డాల్టన్ సెకనులో 25,000వ వంతు మెరిసే ఫ్లాష్‌ను సిద్ధం చేయించుకున్నారు. పురుగు కాంతిరేఖను దాటగానే కెమెరా పనిచేసే ఏర్పాటూ చేసుకున్నారు. ఎగురుతున్న కీటకాలను అలా పట్టిన ఆయన పుస్తకం 1975లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఒలింపస్ ఓఎం-2 కెమెరా, ఫిల్మ్ మీద పడి తిరిగొచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్‌ను తానే ఆపేది. దగ్గరి ఫొటోల్లో లెక్కల భారం దానితో చాలా తగ్గింది.

ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు ఒక లోపం ఉంది. చిన్న గొట్టం నుంచి నేరుగా పడే వెలుగు తూనీగ నున్నటి కళ్ల మీద తెల్ల మచ్చలుగా మెరిసి, వేలాది కటకాల అల్లికను కప్పేస్తుంది. ఎండపడే కిటికీకి తెల్ల పంచె కట్టినట్టు, ఫ్లాష్ ముందు వెడల్పాటి డిఫ్యూజర్ పెట్టాలి. దాన్ని తూనీగకు ఎంత దగ్గరగా తెస్తే వెలుగు అంత మెత్తగా పరుచుకుంటుంది. తక్కువ శక్తి సరిపోతుంది కాబట్టి మెరుపూ పొట్టిదవుతుంది. ఇక కెమెరా వెనక భాగాన్ని చాచిన రెక్కలకు సమాంతరంగా పట్టండి. ఉన్న రెండు మిల్లీమీటర్ల స్పష్టత రెక్కంతా పరుచుకుంటుంది. వెనక నల్లగా రాకుండా తూనీగకు కాస్త వెనకే ఆకులుండే చోటు ఎంచుకోండి.

ఈ శ్రమంతా అందం కోసమే కాదు. రెక్కల ఈనెల అల్లిక, అంచున ఉండే ప్టెరోస్టిగ్మా అనే ముదురు మచ్చ, తోక కొసన ఉండే కొక్కేల ఆకారం తూనీగ జాతిని పోల్చుకోవడానికి ఆనవాళ్లు. ఆనవాళ్లు విడివిడిగా కనిపించే ఫొటో ఉంటే చాలా జాతులను వలేసి పట్టకుండా, ప్రాణం తీయకుండా గుర్తించవచ్చు. మంచి వెలుగు కోసం పడే ప్రతి పాటుకూ ఆ ఫలం చాలు.